పాత ట్రాఫిక్ సిగ్నల్ కొనొచ్చా? లెన్స్ చూసి కొనండి, రంగు చూసి కాదు

మీరు అడిగింది ఇదీ: పెన్సిల్వేనియాలో ఒక ఫ్లీ మార్కెట్‌లో మూడు దీపాల పాత ట్రాఫిక్ సిగ్నల్ కనబడింది. 220 డాలర్లు చెబుతున్నాడు. పసుపు రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, పచ్చ లెన్స్ పగిలింది, తలుపు లోపల క్రౌస్-హైండ్స్ అని తయారీ కంపెనీ పేరు అచ్చు ఉంది. కొనొచ్చా? కొంటే రంగంతా గీకేసి కొత్తదానిలా చెయ్యొచ్చా? రెండేళ్ళలో ఇండియాకి వెళ్ళిపోతే అక్కడ వెలుగుతుందా?

సూటిగా చెబుతాను. మిగిలిన రెండు లెన్సులూ గాజువే అయ్యి, మూడింటి వెనకా రిఫ్లెక్టర్లు (బల్బు వెలుగును ముందుకు తిప్పే మెరిసే గిన్నెలు) ఉంటే కొనేయండి. 220 అన్నాడంటే 170కి దిగుతాడు. రంగు మాత్రం గీకకండి. ఇండియాలో శుభ్రంగా వెలుగుతుంది.

నేను ఒహాయోలో ఉంటాను. పగలు డేటాబేసులు, రాత్రి బేస్‌మెంట్‌లో సిగ్నళ్ళు. పదిహేనేళ్ళలో పంతొమ్మిది నా చేతుల మీదుగా వెళ్ళాయి, పదకొండు మిగిలాయి. "ఇంట్లో ఇద్దరం, సిగ్నళ్ళు పదకొండు" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఇందులో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. మీరు అడిగినవాటిలో రెండు నేను చేసి చూసినవే.

ముందు లెన్సుల సంగతి. అమెరికాలో 2005 ఇంధన చట్టం వచ్చాక, 2006 జనవరి నుంచి తయారయ్యే సిగ్నళ్ళు తక్కువ కరెంటుతో పనిచేసి తీరాలి. అప్పటికే ఊళ్ళన్నీ ఎల్ఈడీకి మారుతున్నాయి. ఎల్ఈడీ అమర్చేటప్పుడు సిబ్బంది ఏం చేస్తారంటే, తలుపు తెరిచి గాజు లెన్స్, రిఫ్లెక్టర్, బల్బు హోల్డర్ మూడూ పీకి చెత్తలో వేసి, ఆ ఖాళీలో గుండ్రటి ఎల్ఈడీ బిళ్ళ ఒకటి బిగించి తలుపు మూసేస్తారు. అందుకే ఇప్పుడు రోడ్డు మీంచి దిగే సిగ్నళ్ళలో చాలావాటికి డబ్బా ఉంటుంది, పేగులు ఉండవు. అల్యూమినియం డబ్బా ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనివి ఆ పేగులే. ఒక్కో గాజు లెన్స్, రిఫ్లెక్టర్, హోల్డర్ విడివిడిగా వెతుక్కుంటూ పోతే మీ 220 డాలర్లు రెండు దీపాలకే అయిపోతాయి.

గాజు అవునో కాదో చూడటం తేలికే. గోటితో కొట్టండి. గాజైతే గ్లాసు మోగినట్టు సన్నగా మోగుతుంది, ప్లాస్టిక్ అయితే డబ్‌మని ఊరుకుంటుంది. తర్వాత దాన్ని వెనక్కి తిప్పి చూడండి. లోపలి వైపు చిన్న చిన్న పట్టకాల్లాంటి గళ్ళు ఉంటాయి. కొన్నిటిలో ఆ గళ్ళు నవ్వుతున్న నోరులా వంపు తిరిగి ఉంటాయి. వాటిని ఇక్కడి కలెక్టర్లు "స్మైలీ" లెన్సులంటారు. క్రౌస్-హైండ్స్ సిగ్నళ్ళలో ఇవి కనిపిస్తుంటాయి. అంచు మీద ఒకచోట "టాప్" అని అచ్చు ఉంటుంది, అది పైకి రావాలి. ఆ గళ్ళ పని వెలుగును కిందికి, కారులో కూర్చున్నవాడి కంటికి వంచడం. తలకిందులుగా బిగిస్తే వెలుగంతా ఆకాశానికి పోతుంది. నేను మొదటి సిగ్నల్‌ని ఆరు నెలలు అలాగే ఉంచుకుని, ఎర్ర దీపం ఎందుకింత నీరసంగా ఉందా అని బల్బులు మార్చాను.

"స్టాప్" అని అక్షరాలున్న ఎర్ర లెన్స్ దొరికితే మారుమాట లేకుండా తీసుకోండి. అవి పాతకాలానివి, ఇప్పుడు దొరకడం కష్టం.

లెన్సుల తర్వాత తలుపు బందులు చూడండి. ఒక్కో దీపానికి ఒక్కో తలుపు ఉంటుంది. బందు చెవులు విరిగి ఉంటే వదిలెయ్యండి. పోత అల్యూమినియంకి అతుకు వెయ్యడం అందరికీ వచ్చే పని కాదు, వచ్చినవాడు అడిగే డబ్బుతో ఇంకో సిగ్నల్ వస్తుంది. సొట్టలు, గీతలు, పిట్టల గూళ్ళు లెక్కలోకి రావు. నా సిగ్నళ్ళలో మూడింటి లోపల ఎండిపోయిన పిచ్చుక గూడు ఉంది.

ఇక దాని వయసు. "ఇది 1930ల నాటిది" అని అమ్మేవాళ్ళందరూ చెబుతారు. లోపల పేటెంటు తేదీ కనిపిస్తే అది తయారైన ఏడాది అనుకోకండి. ఆ ఏడాది కంటే ముందుది కాదని మాత్రమే దాని అర్థం. ఒకే అచ్చుతో ఏళ్ళ తరబడి పోత పోశారు. వయసు తెలియాలంటే తలుపు ఆకారం, హోల్డరు, తీగల తొడుగు అన్నీ కలిపి చూడాలి. తీగ మీద గుడ్డ చుట్టి ఉంటే పాతదే.

క్రౌస్-హైండ్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ కంపెనీ. ఆ ఊరికి సిగ్నళ్ళతో ఇంకో సంబంధం కూడా ఉంది. అక్కడ టిప్పరరీ హిల్ అని ఐరిష్ వాళ్ళ పేట. 1920లలో సిగ్నల్ పెడితే, బ్రిటిష్ వాళ్ళ ఎరుపు మా ఐరిష్ ఆకుపచ్చ పైన ఉండడమేంటని కుర్రాళ్ళు రాళ్ళతో ఎర్ర దీపం పగలగొడుతూ వచ్చారట. మళ్ళీ పెట్టడం, మళ్ళీ పగలగొట్టడం. చివరికి నగర పాలకులే దిగొచ్చి పచ్చ పైన, ఎరుపు కింద పెట్టారు. ఇప్పటికీ అలాగే ఉంది. సిరక్యూస్ వైపు వెళ్తే ఒక పది నిమిషాలు ఆగి చూసి రండి.

మీరు గనక మా వైపు వస్తే కొలంబస్‌కి దక్షిణంగా ఆష్‌విల్ అని చిన్న ఊరు ఉంది. అక్కడి మ్యూజియంలో వెండి రంగులో, తుపాకీ గుండు ఆకారంలో ఒక సిగ్నల్ వేలాడుతూ ఉంటుంది. ప్రపంచంలో ఇంకా పనిచేస్తున్న అతి పాత సిగ్నల్ తమదేనని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఇదే ఒహాయోలో, క్లీవ్‌లాండ్‌లో యూక్లిడ్ అవెన్యూ, తూర్పు 105వ వీధి కలిసేచోట 1914 ఆగస్టు 5న కరెంటు సిగ్నల్ మొదలైంది. ఎరుపు, పచ్చ రెండే. పసుపు లేదు, మారేముందు బజర్ మోగేది. మూడు రంగులతో నాలుగు వైపులకూ చూసే సిగ్నల్ 1920లో డెట్రాయిట్‌లో విలియం పాట్స్ అనే పోలీసాయన చేశాడు. ఇదంతా మీరు అడగలేదు, నా చేతులు ఊరుకోలేదు.

ఇంటికి తెచ్చాక మొదటి పని: ఏమీ చెయ్యకపోవడం. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ముఖ్యంగా ఏ తీగ ఏ స్క్రూకి వెళ్తుందో దగ్గర నుంచి తీయండి. ఆ తర్వాతే స్క్రూలు.

స్క్రూలు ఊడవు. ఇది ముందే రాసి పెట్టుకోండి. ఉక్కు స్క్రూ అల్యూమినియంలో ముప్పై ఏళ్ళు వానలో తడిస్తే రెండూ కలిసిపోయి, చుట్టూ సున్నంలా తెల్లటి పొడి కడుతుంది. బలం పెట్టి తిప్పితే స్క్రూ తల తెగి చేతిలోకొస్తుంది. తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు వేసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు మళ్ళీ రెండు చుక్కలు. మూడో రోజు హీట్ గన్‌తో స్క్రూ చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని వేడి చెయ్యండి, స్క్రూని కాదు. ఉక్కుకంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. అప్పుడు ముందుగా బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పి, ఆ తర్వాత వదులు చెయ్యండి. కిర్రుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినబడితే గెలిచినట్టే. ఒకసారి ఈ ఓపిక లేక నాలుగు స్క్రూలు విరగ్గొట్టి, డ్రిల్లుతో తీయడానికి ఒక శనివారం, ఒక ఆదివారం సమర్పించుకున్నాను.

తలుపులు మూసే రెక్కల స్క్రూలు కొన్నిటిలో ఇత్తడివి ఉంటాయి. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు బేస్‌మెంట్‌లో నల్లగా ఉన్న ఒక డజను చూసి, "వీటికెందుకురా ఇన్ని సీసాలు" అని చింతపండు నానేసి, చిటికెడు ఉప్పు వేసి తోమి ఇచ్చింది. దీపారాధన కుందుల్లా వచ్చాయి. అప్పటి నుంచి ఇత్తడికి నేను వేరే ఏదీ వాడలేదు. కడిగాక వెంటనే తుడిచి ఆరబెట్టాలి, అంతే.

కానీ అదే ధైర్యం రిఫ్లెక్టర్ మీద చెయ్యకండి. రిఫ్లెక్టర్లు రెండు రకాలు. ఒకటి వెనక వెండి పూసిన గాజు గిన్నె, రెండోది అల్యూమినియం గిన్నె. అల్యూమినియం గిన్నె మెరిసేది దాని మీద ఉన్న పలచటి గట్టి పొర వల్ల. అది కంటికి కనబడదు. నేను ఒకదానికి కారు క్రోమ్‌కి పెట్టే పాలిష్ పెట్టి ఇరవై నిమిషాలు రుద్దాను. మొదట్లో మెరిసింది. మెరిసింది కదా అని ఇంకా రుద్దాను. సాయంత్రానికి ఆవిరి పట్టిన అద్దంలా మసకబారింది, ఇక తిరిగి రాలేదు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. అంతకు మించి ఏమీ వద్దు. వెండి గాజు రకంలో నల్ల మచ్చలుంటే అవి గాజు వెనక ఉన్నవి, ముందు ఎంత తుడిచినా పోవు. ఉండనివ్వండి. దీపం వెలిగితే అవి ఎవరికీ కనబడవు.

ఇప్పుడు రంగు. మీరు గీకుతానన్నారు కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను.

ఆ కోడిగుడ్డు పచ్చసొన లాంటి పసుపు రంగుకి ఆధారం చాలావాటిలో లెడ్ క్రోమేట్, అంటే సీసం ఉన్న రంగుపొడి. "ఇళ్ళ రంగుల్లో సీసం 1978లోనే ఆపేశారుగా" అంటారు. ఆ నిషేధం ఇళ్ళకు, బొమ్మలకు వేసే రంగులకు. రోడ్డు సామాన్లకు వేసే రంగుల్లో ఆ తర్వాత కూడా సీసం వాడారు. కాబట్టి మీ సిగ్నల్ 1985ది అయినా ధీమా పనికిరాదు.

నా రెండో సిగ్నల్‌ని నేను గరాజ్‌లో ఎలక్ట్రిక్ శాండర్‌తో పొడిపొడిగా గీకాను. మాస్క్ అంటే ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలే. పసుపు ధూళి గరాజ్ అంతా పట్టింది. మా అమ్మాయికి అప్పుడు రెండేళ్ళు, అదే గరాజ్‌లో మూడు చక్రాల సైకిల్ తొక్కేది. వారం తర్వాత ఇంకో కలెక్టర్ ఫోన్‌లో "రంగు టెస్ట్ చేశావా?" అని మామూలుగా అడిగాడు. హార్డ్‌వేర్ షాపులో దొరికే టెస్ట్ పుల్ల తెచ్చి రుద్దితే క్షణంలో ఎర్రబడింది. ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించాం. రిపోర్టు రావడానికి పట్టిన మూడు రోజులూ మా ఆవిడ నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడమని అడగలేదు. దేవుడి దయ, రిపోర్టులో ఏమీ లేదు. గరాజ్‌ని తడిగుడ్డలతో గోడలతో సహా తుడిచి, ఆ గుడ్డలు, ఆ సైకిల్ రెండూ పారేశాను.

అందుకే, రంగు బాగా లేకపోయినా గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని అలాగే ఉంచండి. సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక కొంచెం మైనం పట్టిస్తే చాలు. పెచ్చులున్న చోట తడిపి, తడి మీదే వేలితో ఊడేవి ఊడదీసి, మిగతాదాని మీద రంగులేని పూత వేస్తే సీసం లోపలే ఉండిపోతుంది. నిజం చెప్పాలంటే ఎండకు వాడిన ఆ పాత రంగుకే అందం ఎక్కువ. డబ్బా నిగనిగలాడేలా పౌడర్ కోటింగ్ చేయించిన సిగ్నళ్ళు నా దగ్గర రెండున్నాయి, రెండూ బొమ్మల షాపులో కొన్నట్టే ఉంటాయి. ఇది నా అభిప్రాయమే, వేరేలా అనుకునే కలెక్టర్లు బోలెడుమంది.

తప్పనిసరిగా తీయాలనుకుంటే పొడిగా గీకొద్దు. జెల్ లాంటి స్ట్రిప్పర్ (రంగు ఊడదీసే మందు) పూసి తడిగా తీయాలి. పాత వీడియోల్లో చూపించే మిథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్‌ని ఇక్కడ మామూలు జనానికి అమ్మడం 2019లో ఆపేశారు, ఎవరైనా పాత డబ్బా ఇచ్చినా వద్దనండి. ఇంకొకటి, కాస్టిక్ సోడా ఉన్నదేదీ అల్యూమినియం మీద వెయ్యకండి. ఒవెన్ శుభ్రం చేసే స్ప్రే కూడా అందులోకే వస్తుంది. రంగుతో పాటు లోహాన్నీ తినేస్తుంది, డబ్బా నల్లబడి గరుకుతేలుతుంది. రంగు తీసే పని పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో అసలు పెట్టుకోవద్దు.

కరెంటు పని తక్కువే గానీ రెండు చోట్ల జాగ్రత్త. పాత తీగల తొడుగు ముట్టుకుంటే రాలిపోతుంది. మొత్తం తీసేసి వేడికి ఆగే కొత్త తీగ వెయ్యండి. బాగా పాతవాటిలో తొడుగు ఆస్‌బెస్టాస్ కావచ్చు, అందుకే దాన్ని కత్తిరించేటప్పుడు తడిపి కత్తిరించండి. రెండోది, సిగ్నళ్ళలో పచ్చ తీగ కనబడితే ఎర్త్ అనుకోకండి. అది చాలాసార్లు పచ్చ దీపానికి వెళ్ళే కరెంటు. మీరు మాత్రం డబ్బాకి విడిగా ఎర్త్ ఇవ్వండి. మొత్తం లోహపు డబ్బా కదా. ఇది అనుమానంగా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, నామోషీ ఏమీ లేదు.

బల్బు విషయం మాత్రం చాలామందికి తెలియదు. మీ పచ్చ లెన్స్ ముక్కని చేతిలో పట్టుకుని పగటి వెలుగులో చూడండి. అది పచ్చగా ఉండదు, నెమలి మెడ నీలంలా ఉంటుంది. పాత ఫిలమెంట్ బల్బు వెలుగు పసుపు, ఆ పసుపు ఈ నీలి పచ్చలోంచి వస్తే మనకి పచ్చ కనబడాలని లెక్కవేసి అలా చేశారు. మీరు తెల్లగా వెలిగే ఎల్ఈడీ బల్బు పెడితే సిగ్నల్ నీలంగా వెలుగుతుంది, "లెన్స్ తప్పుదిచ్చాడు" అని అమ్మినవాణ్ణి తిట్టుకుంటారు. బల్బు అట్టపెట్టె మీద 2700 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) అని రాసి ఉన్న పసుపు వెలుగు బల్బే కొనండి. అదీ గాజు పారదర్శకంగా, లోపల దారాల్లా కనిపించే రకం. పాలలాంటి తెల్ల బల్బైతే వెలుగు ఒకచోట నుంచి రాదు, లెన్స్ గళ్ళు మెరవవు. 8 అంగుళాల లెన్స్ రకం సిగ్నల్‌కి వేసిన అసలు బల్బులు 67 వాట్ల చుట్టుపక్కల ఉండేవి, వెలుగు పుట్టే చోటు బల్బు అడుగు నుంచి సరిగ్గా 2 7/16 అంగుళాల ఎత్తున ఉండేది. రిఫ్లెక్టర్ గిన్నెకి కేంద్రం అదే. కొత్త బల్బులో ఆ చోటుకి దగ్గరగా ఉండేది వెతుక్కుంటే తేడా మీకే కనబడుతుంది.

ఇండియా ప్రశ్నకి వద్దాం. ఒట్టి సిగ్నల్ అయితే సమస్యే లేదు. హోల్డర్లు ఇక్కడి స్క్రూ రకం కాబట్టి అక్కడ 230 వోల్ట్ స్క్రూ బల్బులు పెట్టుకోవచ్చు, కానీ తీగలు, హోల్డర్లు కొత్తవి వేసుకున్నాకే. పాతవాటిని ఉంచితే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 మీదే నడపండి. నాది ఒకటి విమానంలో గుంటూరు తీసుకెళ్ళాను. మూడు దీపాల డబ్బా 14 కిలోల పైచిలుకు తూగింది, లెన్సులు తీసి చీరల మడతల్లో పెట్టి చేతిసంచిలో పట్టుకెళ్ళాను. సెక్యూరిటీలో ఎర్ర గాజు చూసి ఇదేంటని అడిగితే, నిజం చెప్పినా నమ్మడానికి ఐదు నిమిషాలు పట్టింది వాళ్ళకి.

తమాషా అంతా కంట్రోలర్‌తో, అంటే దీపాలను వరసగా మార్చే పెట్టెతో వస్తుంది. మీకు సిగ్నల్ పిచ్చి ముదిరితే ఒకనాటికి మోటారుతో నడిచే పాత కంట్రోలర్ కొంటారు, కొనకుండా ఉండలేరు. అందులో ఒక చక్రం, దాని చుట్టూ నూరు గాళ్ళు, గాళ్ళలో మేకులు ఉంటాయి. చక్రం తిరుగుతూ మేకు వచ్చినప్పుడల్లా టక్కుమని కాంటాక్ట్ తగులుతుంది, వెంటనే ధన్‌మని లోపలి ఇరుసు ఒక మెట్టు తిరిగి దీపం మారుతుంది. ఆ మోటారు వేగం కరెంటు హెర్ట్జ్‌ని బట్టి ఉంటుంది. అమెరికాలో 60, మన దగ్గర 50. గుంటూరులో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడిపితే అంతా బాగానే ఉంది గానీ, 60 సెకన్ల చుట్టు 72 సెకన్లు తీసుకుంటోంది. మా తమ్ముడి కొడుకు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి కనిపెట్టాడు. పరిష్కారం కంట్రోలర్‌లోనే ఉంది. చుట్టు సమయాన్ని నిర్ణయించే చిన్న గేరు మార్చుకునే వీలుంటుంది. 50 సెకన్ల గేరు వేస్తే మన కరెంటు మీద సరిగ్గా 60 సెకన్లు. వాళ్ళింట్లో ఇప్పుడు అలాగే తిరుగుతోంది. రాత్రిపూట ఆ ధన్ చప్పుడుకి మా మరదలు తిట్టుకుంటుందని వినికిడి.

అంత దూరం వద్దనుకుంటే హాబీ వాళ్ళకోసం దీపాలను వరసగా మార్చే చిన్న ఎలక్ట్రానిక్ సీక్వెన్సర్ బోర్డులు దొరుకుతాయి. చప్పుడు ఉండదు. నాకైతే ఆ చప్పుడు లేనిదే రుచించదు.

ఇంకొక రెండు మాటలు. సిగ్నల్‌ని కిటికీలోంచి రోడ్డుకి కనబడేలా పెట్టకండి. రోడ్డు మీదివాళ్ళు అసలు సిగ్నల్ అని పొరబడేలా దీపాలు పెట్టడం అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నేరం. బేస్‌మెంట్, వెనక గది, గరాజ్ లోపల అయితే మీ ఇష్టం. ఇక తుఫానులో రోడ్డు పక్కన పడిపోయిన సిగ్నల్ కనబడినా ముట్టుకోవద్దు, అది ఊరి సొత్తు. ఊళ్ళవాళ్ళ మిగులు సామాన్ల వేలంలో కొంటే రసీదు వస్తుంది, దాచుకోండి. నేనైతే మా పక్క ఊరి సిగ్నళ్ళ మెకానిక్ దగ్గరికి దీపావళి మర్నాడు ఒక డబ్బా మైసూర్‌పాక్ పట్టుకెళ్ళి, పారేసేవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఆయన పైవాళ్ళను అడిగి, కాగితం రాయించి మరీ రెండు గాజు లెన్సుల పెట్టెలు ఇచ్చాడు. ఆ తర్వాత ప్రతి దీపావళికీ ఆయనే గుర్తుచేస్తాడు.

వేలాడదీసేటప్పుడు పైనున్న రంధ్రానికి 1 1/2 అంగుళాల మామూలు పైపు సరిపోతుంది, హార్డ్‌వేర్ షాపులో ఫ్లాంజ్‌తో (పైపు చివర బిగించే గుండ్రటి బిళ్ళతో) సహా దొరుకుతుంది. రంధ్రం చుట్టూ ఉన్న పళ్ళు 72 ఉంటాయి, ఒక్కో పన్ను జరిపితే 5 డిగ్రీలు తిరుగుతుంది. సోఫాలోంచి చూడటానికి కావాల్సిన కోణం అక్కడ సరిచేసుకోండి. పైకప్పు పలకకి కాదు, లోపలి దూలానికే బిగించండి.

ఈ ఆదివారం వెళ్తే డబ్బులిచ్చే ముందు పచ్చ తలుపు తెరిచి, పగిలిన లెన్స్ వెనక వైపు అడ్డంగా టేపు పెట్టి కొలవండి. 8 3/8 అంగుళాల దగ్గర ఉంటే అది 8 అంగుళాల రకమే; మెకానిక్ ఇచ్చిన పెట్టెలో నాకు రెండు పచ్చవి ఎక్కువున్నాయి, ఒకటి పంపిస్తాను. పోస్టేజీ మీది.